పేరు మనది, చెలక ఎవలది?

“ఏం జేస్తున్నవ్ రా?” అని అడిగితె, పదేండ్ల కింద మన దిక్కు పోరడు మూడు జవాబులు చెప్తుండె. చదువుతున్న. దొరికిన పని జేస్తున్న. దుబాయి వీసా కోసం చూస్తున్న. ఇప్పుడు నాలుగో జవాబు వచ్చి చేరింది: ఛానెల్ నడుపుతున్న. జగిత్యాల కాంచి ఉట్నూరు దాంక, సిరిసిల్ల కాంచి బెజ్జూరు దాంక ఏ దిక్కు వోయినా ఈ జవాబు ఇనవడుతది.

ఈ మాట ఇన్నంక పెద్దమనుషులు మూతి ముడుస్తరు. “ఫోను వట్టుకొని ఎగిరితె కడుపు నిండుతదా?” అంటరు. ఇంకో దిక్కు ఫోన్లనే కూసున్న కోచింగు గురువులు “నువ్వే ఒక బ్రాండ్, కొలువు గిలువు ఇడిసిపెట్టు” అంటరు. రెండూ సగం సగం మాటలే. ఫోనుతోని కడుపు నిండినోల్లు మన కండ్ల ముందే ఉన్నరు. కొలువు ఇడిసి ఆగమైనోల్లు సుత మన కండ్ల ముందే ఉన్నరు. ఎవలు ఎందుకు నిలవడ్డరు, ఎవలు ఎందుకు వడ్డరు అన్నదే అసలు ముచ్చట.

నేను చెప్పేది ఒక్కటే. పేరు సంపాయించుడు తప్పు గాదు, పేరు పెట్టుబడే. గని ఆ పెట్టుబడిని ఎవల చెలకల పెడుతున్నం, పంట ఎవలింటికి వోతున్నది, ఆ పేరును ఎవలికి అమ్ముతున్నం - ఈ మూడు లెక్కలు జూసుకోకుంటె పేరు మిగులుతది, మనిషి మునుగుతడు.

పేరుకు ఇలువ కొత్తగ రాలె

పర్సనల్ బ్రాండింగ్ అన్న మాట కొత్తది గని ముచ్చట పాతదే. సావుకారి ఇత్తనాలు, మందు బస్తాలు ఉద్దెర ఇయ్యాల్నంటె ముందుగాల మనిషి పేరు జూస్తడు. “వాడు మాట మీద నిలవడుతడు” అంటె ఇస్తడు, లేకుంటె లేదు. ఇల్లు కట్టాల్నంటె మేస్త్రి పేరు అడుగుతరు. బోరు పొయించాల్నంటె ఎవల బండి మంచిదో అడుగుతరు. వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు ఒగ్గు కథ చెప్పి ఎక్కడెక్కడికో పేరువడ్డడు. సిరిసిల్ల నల్ల పరంధాములు అగ్గిపెట్టెల పట్టే చీరె నేసి అందరి నోట్లె నానిండు. ఆల్లకు ముందుగాల పని వచ్చింది, దాని ఎనుక పేరు వచ్చింది.

మరి ఇప్పుడు మారింది ఏంది? మూడు మారినయి.

ఒకటి, పేరు ఊరు దాటాల్నంటె ఎవల్నో బతిలాడే అక్కెర లేకుండ వోయింది. ఎనుకట సినిమా, రేడియో, టీవీ - అన్నిటికి దర్వాజ కాడ ఒకడు కాపలా ఉంటుండె. మన యాస లోపలికి వోయినా పనోని మాటగనో, రౌడీ మాటగనో, నవ్వులాట మాటగనో వోతుండె. తెలంగాణ ఉద్యమం, ఆ తర్వాత వీ6 తీన్మార్ వార్తలు మన మాటకు కుర్సీ ఏసి కూసుండవెట్టినయి. యూట్యూబ్ వచ్చి ఆ దర్వాజనే తీసేసింది.

రెండు, నెట్టు అగ్గువైంది. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలైనంక డేటా ధర వడిపోయింది. అంతకుముందు ఒక పాట డౌన్‌లోడ్ జేయాల్నంటె సెల్ పాయింట్ల పైసలిచ్చి మెమొరీ కార్డుల ఎక్కించుకునేది. ఇప్పుడు పత్తి ఏరుకుంట సుత వీడియో చూస్తున్నరు.

మూడు, కొనేటోడు దుకాణానికి రాకముందే ఫోన్ల జూసి వస్తున్నడు. కరీంనగర్ టవర్ సర్కిల్ కాడ బట్టల దుకాణాలకు వోయి చూడుండ్రి. ఒక పిల్ల ఫోను ముంగట చీరె ఇప్పి చూపెడుతుంటది, ఇంకో పిల్ల కామెంట్లకు జవాబు రాస్తుంటది. బిర్యానీ సెంటరు, మొబైల్ దుకాణం, ప్లాట్ల ఎంచరు - ఏది తెరిచినా రిబ్బను కత్తిరించే కాడ ఇప్పుడు లీడరు పక్కన రీల్స్ జేసేటోడు సుత ఉంటున్నడు.

లంబాడిపల్లి చెప్పిన పాఠం

ఈ ముచ్చట మాట్లాడితె మల్యాల మండలం లంబాడిపల్లిని యాది జేసుకోకుండ ముందటికి వోలేము. కొండగట్టు దగ్గరి చిన్న ఊరు. శ్రీరాం శ్రీకాంత్ అక్కడ ‘మై విలేజ్ షో’ ఛానెల్ మొదలువెట్టింది 2012ల. జియో రాకముందు నాలుగేండ్లు. అప్పుడు మన ఊర్లల్ల యూట్యూబ్ చూసేటోల్లే తక్కువ.

అందరు యాది జేసేది గంగవ్వను. కైకిలి జేసి, బీడీలు చుట్టి సంసారం ఈడ్చిన మనిషి.  ఆ ఛానెల్‌ల మాట్లాడిన మాటలకు లోకం నవ్వింది, ఏడ్చింది. 2019ల ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ సినిమాలల్ల కనవడ్డది. 2020ల అరవై ఏండ్ల వయసుల బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కు వోయింది. పానం బాగలేక నడుమలనే బయటికి వచ్చింది గని సొంతిల్లు కట్టుకోవాలన్న కోరిక తీర్చుకున్నది. 2024ల ఎనిమిదో సీజన్‌కు మల్ల వోయింది. అదే గుంపు నుంచి వచ్చిన అనిల్ జీల 2025ల జీ5 ‘మోతెవరి లవ్ స్టోరీ’ సిరీస్‌ల హీరో అయిండు.

ఇవి జూసి చాన మంది “గంగవ్వకు లక్కు తగిలింది, నాకెందుకు తగల్ది?” అనుకుంటున్నరు. నేను అండ్ల లక్కు చూస్తలేను. నాకు కనవడేది మూడు ముచ్చట్లు. పైసలు వస్తయన్న నమ్మకం లేని కాలంల ఏండ్లకేండ్లు పనిచేసుడు ఒకటి. ఒక్క మొఖం మీద ఆధారపడకుండ రాసేటోడు, తీసేటోడు, కోసి అతికేటోడు, ఏషం గట్టేటోడు కలిసి గుంపుగ నిలవడుడు రెండోది. పట్నపోల్లను కాపీ కొట్టకుండ పొలం, పెండ్లి, పండుగ, అత్తకోడండ్ల పంచాది - తమకు ఎరికైన బతుకునే చూపెట్టుడు మూడోది.

ఇప్పుడు మన పోరగాండ్లు జేసేది దీనికి ఉల్టా. ఒక్కడే ఉంటడు, వేరేటోని ఆడియోకు పెదువులు కదిలిస్తడు, ఆర్నెల్లల్ల పేరు రావాలంటడు. లంబాడిపల్లి పేరు జెప్పి లంబాడిపల్లి తొవ్వల నడుస్తలేరు.

పైసలు వచ్చే తొవ్వ

ఇగ పైసల లెక్క జూద్దాం. యూట్యూబ్‌ల ప్రకటనల పైసలు రావాల్నంటె వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలె. దాంతోని పాటు ఏడాదిల 4,000 గంటలు జనం మన వీడియోలు చూడాలె, లేకుంటె 90 రోజులల్ల షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలె. ఆ గీత దాటినంక పెద్ద వీడియోల ప్రకటనల మీద వచ్చిన దాంట్ల మనకు 55 శాతం ఇస్తరు. షార్ట్స్ కైతె క్రియేటర్ల వాటా 45 శాతమే, అది సుత పాటల ఖర్చు తీసినంక పంచే దాంట్ల. మన ఖాతాల 100 డాలర్లు జమ అయ్యే దాంక ఒక్క పైస చేతికి రాదు. ఇన్‌స్టాగ్రామ్‌ల ఇంతమంది చూస్తె ఇంత అని ప్రకటనల్ల వాటా అందరికి పంచే పద్ధతే లేదు.

ఎవుసం తెలిసినోల్లకు ఇది సులువుగ సమజైతది. ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తి తీస్కవోతె ఏమైతది? పండించింది మనం, లాగోడి మనది, మిత్తి మనది. కాని సీసీఐ కాడ తేమ మిషన్ పెట్టి చూస్తరు. 8 శాతం లోపుంటె పూర్తి ధర, 12 దాంక కోత, దాని మీద ఉంటె కొననే కొనరు. యూట్యూబ్ అల్గారిథం అసొంటి తేమ మిషనే. తేడా ఏందంటె, యార్డుల మిషన్ మన కండ్ల ముంగట ఉంటది, అంకె కనవడుతది, తప్పనిపిస్తె బండ్లు అడ్డం వెట్టి లొల్లి జేస్తం. ఈ మిషన్ మనకు కనవడది. నిన్న లక్ష మందికి చూపెట్టిన తీరు వీడియోను ఇయ్యాల వెయ్యి మందికే ఎందుకు చూపెట్టిందో అడుగుదామంటె అడ్తిదారు సుత ఉండడు.

చెలక సుత మనది గాదు, కౌలుది. ఎప్పుడు గుంజుకున్నా అడిగేటోడు లేడు. 2020 జూన్ 29 రాత్రి యాదికి ఉందా? 59 చైనా యాప్‌లను కేంద్రం బంద్ వెట్టింది, అండ్ల టిక్‌టాక్ ఉన్నది. దేశ భద్రత కోసమని చెప్పింది. ఆ నిర్ణయం ఒప్పా తప్పా అన్నది ఏరే ముచ్చట. లక్షల మంది ఫాలోవర్లున్న ఊరోల్లు పండుకొని లేచేసరికి సున్నా అయిండ్రు. పొలం మునిగితె గట్టు మిగులుతది. అక్కడ గట్టు సుత మిగల్లె.

మరి సంపాదన ఎక్కడిది?

ప్రకటనల వాటాతోని ఇల్లు గడిచేది కొద్దిమందికే. మిగిలినోల్లకు పైసలు ప్రమోషన్ల నుంచే రావాలె. ప్రమోషన్ అంటె ఏంది? చూసేటోల్లకు మన మీదున్న నమ్మకాన్ని ఇంకొకనికి కిరాయికి ఇచ్చుడు. బట్టల దుకాణానికి ఇస్తె ఇబ్బంది లేదు. చీరె బాగ లేకుంటె రెండు తిట్లు తింటం. గని బెట్టింగ్ యాపులకు ఇచ్చినోల్లు ఏం అమ్మిండ్రో ఒకసారి ఆలోచన జేయుండ్రి.

తెలంగాణ ఆన్‌లైన్ బెట్టింగును 2017లనే గేమింగ్ చట్టాన్ని మార్చి నిషేధించింది. అయినా ఎనిమిదేండ్లు మన ఫోన్లల్ల “అన్నా, నేను గింత గెలిచిన, లింకు బయోల ఉంది” అన్న మాట ఆగలె. చెప్పేటోడు మన యాసల చెప్తడు, మన తీర్గనే లుంగీ గడ్తడు, అందుకే నమ్మినం. అప్పట్ల ఆర్టీసీ ఎండీగ ఉన్న వీసీ సజ్జనార్ దీని మీద గట్టిగ మాట్లాడిండు. 2025 మార్చిల పంజాగుట్ట, మియాపూర్ పోలీస్ స్టేషన్లల్ల సినిమా నటుల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులైనయి. ఎవల తప్పు ఎంతన్నది కోర్టు తేల్చాలె, నేను తేల్చేది గాదు. 2025 ఆగస్టుల పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. పైసలు వెట్టి ఆడే ఆటలకు ప్రకటన జేస్తె రెండేండ్ల దాంక జైలు, 50 లక్షల దాంక జుర్మానా అని అండ్ల రాసిండ్రు.

చట్టం ముచ్చట పక్కకు వెడుదాం. బెట్టింగుల వోయిన పైసలు ఎవలియి? కాలేజి ఫీజు పైసలు, ట్రాక్టరు కిస్తు పైసలు, అయ్య ధాన్యం అమ్మిన పైసలు, చెల్లె లగ్గానికి దాచిన పైసలు. అప్పులోల్లు ఇంటి మీదికి వస్తె పానం తీసుకున్న పోరగాండ్ల వార్తలు మనం ఎన్ని చదివినం! ప్రమోషన్ జేసినోనికి ఒక వీడియో పైసలు వచ్చినయి. ఊర్ల ఒక ఇల్లు కూలింది. ఏరే ఊరోడు వచ్చి దోసుకుంటె దొంగ అంటం. మన యాసల మాట్లాడి మనోన్నే ముంచినోన్ని ఏమనాలె?

చిన్న ఛానెలోల్లకు సుత తెల్వాల్సిన కాయిదాలు కొన్ని ఉన్నయి. పైసలు తీసుకొనో, ఫ్రీగ సామాను తీసుకొనో ఏదన్న మంచిగున్నదని చెప్తె, అది ప్రకటన అని అందరికి కనవడేటట్టు, సమజయ్యేటట్టు చెప్పాలని 2023 జనవరిల కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాంక జుర్మానా, మల్ల జేస్తె 50 లక్షల దాంక. ప్రచారం జేసినోన్ని ఏడాది, మల్ల జేస్తె మూడేండ్ల దాంక ప్రకటనలు జేయకుండ ఆపొచ్చు. కంపెనీ ఇచ్చిన ఫోనో, బండో మన దగ్గరనే ఉంచుకుంటె, దాని ఇలువ ఏడాదిల 20,000 దాటితె 10 శాతం టీడీఎస్ అని 2022 జూలై నుంచి పద్ధతి వచ్చింది. “నేను చిన్నోన్ని, నన్నెవలు చూస్తరు?” అనుకోవద్దు. చూడాల్ననే గదా ఛానెల్ వెట్టినం.

మన దిక్కు ఇంకో గోస ఉంది, గల్ఫ్ వీసాల రీల్స్. “దుబాయిల డ్రైవర్లు కావాలె, తిండి రూం ఫ్రీ” అని నెంబరు ఏస్తరు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద బయటి దేశపు పనికి మనుషులను పంపాల్నంటె ఏజెంటుకు లైసెన్సు ఉండాలె. ఆ లైసెన్సు ఉన్నదా లేదా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటుల జూసుకోవచ్చు. అది జూడకుండ ఆ రీల్‌ను షేర్ జేసేటోడు సుత ఆ ఉచ్చుల ఒక ముడి ఏస్తున్నట్టే.

పనికి పేరా, పేరుకు పనా?

సిరిసిల్లను జూద్దాం. అక్కడ సాంచెల సప్పుడుతోనే తెల్లారుతది. 2017 నుంచి సర్కారు బతుకమ్మ చీరెల ఆర్డర్లు ఇచ్చింది. ఏండ్లకేండ్లు చేతినిండ పని దొరికింది. గని ఆ బట్ట మీద సిరిసిల్ల పేరు జనం మనసుల పడలె. కొనేది ఒక్కడే, సర్కారు. ఆ ఆర్డర్లు ఆగిన 2024ల సాంచెలు ఆగినయి, నేతన్నలు రోడ్డెక్కిండ్రు. సామాను ఉండి పేరు లేకుంటె ఏమైతదో ఇది చెప్తది.

అదే సిరిసిల్లల యెల్ది హరిప్రసాద్ జీ20 లోగోను చేత్తోని నేసి ఢిల్లీకి పంపిండు. 2022 నవంబర్ 27న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌ల ఆ ముచ్చట చెప్పిండు. దేశమంతట పేరు ఇనవడ్డది. ఆ పేరుకు ఎనుక మగ్గం ఉన్నది. రేపు జనం మరిచిపోయినా మగ్గం మీది చెయ్యి మరువది. నేను చెప్పే తేడా గదే.

ఆదిలాబాద్ దిక్కు ఇంకో తొవ్వ కనవడుతది. ఉట్నూరుల ఆదివాసి ఆడోల్ల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు జేస్తది. ఇప్పపువ్వు అంటె సారా అన్న చెడ్డ పేరును ఆల్లు తిండి పేరుగ మార్చిండ్రు. జైనూర్ మండలం ఉషెగాంల ఓజా కుటుంబాలు కంచు కరిగించి బొమ్మలు పోస్తరు. ఆదిలాబాద్ డోక్రా అని 2018ల ఆ పనికి జీఐ గుర్తింపు వచ్చింది. కరీంనగర్ వెండి తీగె పనికి 2007లనే వచ్చింది. జీఐ అంటె ఏంది? ఒక్క మనిషి పేరు గాదు, ఊరికి ఊరు కలిసి పెట్టుకున్న పేరు. చట్టం దానికి కంచె ఏసింది. ఏరేటోడు ఆ పేరు వెట్టి అమ్మరాదు. “నువ్వే బ్రాండ్” అనే గురువులు ఈ ముచ్చట చెప్పరు. పేరు ఒక్కనిదే కావాలని ఎక్కడ రాసి ఉన్నది? మనది కైకిలి గుంపుల ఊరు, బదులు పనుల ఊరు. పేరును సుత గుంపుగ సంపాయించొచ్చు, గుంపుగ కాపాడుకోవచ్చు.

కాని గుర్తింపు కాయిదం బీరువల వెట్టుకుంటె అమ్మకం కాదు. ఫోను అక్కెరకొచ్చేది అక్కడనే. మైనం తీగె చుట్టుడు, మట్టి అచ్చు కట్టుడు, కంచు పోసుడు ఒక్క నిమిషం వీడియోల చూపెడితె కొనేటోనికి ధర ఎందుకంతో సమజైతది. మోటారు రిపేరు జేసే తమ్మి, మగ్గం వర్కు జేసే చెల్లె, నాటుకోళ్లు పెంచే అన్న - వీల్లకు రీల్ అంటె సైన్ బోర్డు. బోర్డు వడిపోయినా దుకాణం ఉంటది. దుకాణమే లేకుండ బోర్డు మీద బతుకుదామనుకుంటెనే గోస.

పంట పంచే కాడ

ఇగ అందరు మెల్లగ దాటేసే ముచ్చట: పేరు వచ్చినంక ఎవలికి ఎంత?

2021ల ‘లవ్ స్టోరీ’ సినిమాల ‘సారంగ దరియా’ పాట వచ్చి ఊగిపోయినప్పుడు, ఆ జానపదాన్ని ఊర్లల్ల సేకరించింది ఎవలు, పేరు ఎవలికి రావాలె అన్న పంచాది లేసింది. మన పాటలల్ల చానవాటికి రాసినోని పేరే లేదు. పొలంల పుట్టినయి, నాట్లేసే ఆడోల్ల నోట్లె పెరిగినయి. యూట్యూబ్‌ల మాత్రం ముందుగాల అప్‌లోడ్ జేసినోడే యజమాని లెక్క కనవడుతడు.

‘బలగం’ సినిమా 2023ల వచ్చింది. ఆఖర్ల పాడిన మొగిలయ్య, కొమురమ్మ పాటకు ఏడ్వనోడు లేడు. వరంగల్ దిక్కు బుడగ జంగాల కళాకారుడు మొగిలయ్య. అప్పటికే కిడ్నీలు ఖరాబై ఉన్నడు. పేరు వచ్చినంక సర్కారు, సినిమా పెద్దలు సాయం జేసిండ్రు. అయినా 2024 డిసెంబర్‌ల పోయిండు. బతుకంత పాడినంక ఆఖరి ఏండ్లల్ల వచ్చిన పేరు దవాఖాన ఖర్చుకు అక్కెరకొచ్చింది గని, ఎన్నడో రావాల్సిన కూలి ఎన్నడు రాలె.

మార్లవాయి కనక రాజు గుస్సాడీ ఆటను బతికించి 2021ల పద్మశ్రీ అందుకున్నడు, 2024ల పోయిండు. ఇయ్యాల దండారి పండుగప్పుడు గూడాలకు కెమెరాలు వట్టుకొని వోయేటోల్లు పెరిగిండ్రు. నెమలీకల టోపీ రీల్స్‌ల మంచిగ కనవడుతది. తీసినోనికి వ్యూస్ వస్తయి. ఆడినోనికి ఏమొస్తది? గూడెం పోరగాండ్లే గోండిల, తమ కెమెరాతోని చూపెట్టే రోజు రావాలె. గోండిల చేస్తె చూసేటోల్లు తక్కువ, తెలుగుల చేస్తె ఎక్కువ. మిషన్‌కు పెద్ద గుంపు కావాలె. చిన్న భాషకు ఈ చెలకల నీల్లు ఆఖరి మడికి పారినట్టే వస్తయి.

మన చిన్న గుంపులల్ల సుత ఇదే కత. నలుగురు సోపతిగాండ్లు కలిసి ఛానెల్ వెడుతరు. ఒకని మెయిల్ ఐడీ, ఒకని బ్యాంకు ఖాతా. పైసలు రానన్ని రోజులు సోపతి మంచిగనే ఉంటది. వచ్చినంక కెమెరా వట్టినోడు కూలోడైతడు, మొఖం కనవడినోడు దొర అయితడు. ఇసొంటి గుంపులు పగిలినయి నేను చాన చూసిన. పాలు పంచుకునే కాడ మన తాతలు సుత నలుగురిల కూసుండి కాయిదం రాసుకునేటోల్లు. మనమెందుకు రాసుకోవద్దు?

ఆడివిల్లల సంగతి ఇంకా బరువు. గంగవ్వను అందరు అవ్వ అన్నరు, నెత్తిన వెట్టుకున్నరు. అదే ఇరవై ఏండ్ల పిల్ల పొలం గట్టు మీద నిలవడి మాట్లాడితె కింద కామెంట్లు చదువుడే కష్టం. మొగపోరడు ఛానెల్ వెడితె హుషారు అంటరు, ఆడివిల్ల వెడితె ఇంట్ల పంచాది వెడుతరు. ఆమె సుత పేరుతోనే బతకాల్నంటె ముందుగాల మనం రాసే కామెంటు మారాలె. అది కంపెనీ చేతుల లేదు, మన బొటనవేలు కింద ఉన్నది.

తమ్మీ, చెల్లె, జర ఆలోచన జేయుండ్రి

నేను ఛానెల్ వెట్టొద్దంటలేను. వెట్టుండ్రి. గని వెట్టేముందు గీ లెక్క జూసుకోండ్రి.

రేపు ఈ యాపు బందైతె నా చేతుల ఏం పని మిగులుతది? జవాబు “ఏం లేదు” అయితె ముందుగాల పని నేర్వాలె. కెమెరా, ఎడిటింగు, రాసుడు సుత పనులే, మంచిగ నేరిస్తె ఎక్కడన్న బువ్వ వెడ్తయి. డిగ్రీ ఆఖరు ఏడాది ఇడిసి రీల్స్‌కు వోవద్దు. పరీక్ష ఫీజు కట్టు, రీల్ తర్వాత తియ్యి.

నా గిరాకి నాకు నేరుగ ఎరికేనా? ఫాలోవర్లు యాపుయి. ఫోన్ నెంబరు రాసిచ్చిన గిరాకోల్లు నీయి. వంద మంది అసలు గిరాకోల్ల నెంబర్ల బుక్కు లక్ష మంది ఫాలోవర్ల కన్న గట్టిది.

గుంపుల పాలు కాయిదం మీద ఉన్నదా? ఛానెల్ ఎవల పేరు మీద, పైసలు ఎవల ఖాతాల, ఎవలన్న వోతె ఎంత ఇయ్యాలె - ఒక్క పేజీల రాసి దస్కతులు వెట్టుకోండ్రి.

నేను చెప్పే సామాను మా అవ్వకు ఇప్పిస్తనా? అవ్వకు ఇప్పియ్యలేని యాపును ఊరికి ఇప్పియ్యొద్దు.

సర్కారుకు సుత ఒక మాట. పోరగాండ్లకు ట్రైనింగులు వెడుతున్నరు, మంచిదే. అండ్ల కాపీరైటు, ప్రకటనల చట్టం, టాక్సు లెక్క, పాలు కాయిదం రాసుకునుడు ఒక్క రోజన్న చెప్పుండ్రి. మన పాటలు, మన ఆటలు ఏ ఊర్ల, ఏ కులపోల్ల నోట్లె, ఎవల దగ్గర పుట్టినయో రాసిపెట్టే పని జిల్లాల వారీగ మొదలువెట్టుండ్రి. పాడేటోల్లు పోయినంక సంతాపం చెప్పుడు కన్న పాడేటప్పుడు కూలి ఇప్పిచ్చుడు మేలు.

కౌలు రైతుకు చెలక మీద హక్కు లేదు, గని ఎవుసం మీద ఉన్నది. దున్నుడు, ఇత్తుడు, మబ్బు జూసి మాట్లాడుడు ఆయన సొంతం. చెలక మారినా అవి ఆయన ఎంబడే వోతయి. ఫోన్ల పేరు సంపాయిస్తున్న ప్రతి ఒక్కలు ఇది యాదికుంచుకోవాలె. యాపుల చెలకలు వస్తయి, పోతయి. మన ఎంబడి వచ్చేది చేతి పని, నోటి మాట, మన మీద ఊరోల్ల ఇమానం. ఈ మూడిట్ల దేన్నీ కౌలుకు ఇయ్యొద్దు, అమ్మొద్దు.